రీడ్-హిల్‌వ్యూ విమానాశ్రయం పక్కన ఇల్లు: 2031లో మూసేస్తారన్న లెక్కతో కొనవచ్చా?

మీ ప్రశ్నను నాకు అర్థమైనంతలో మళ్లీ చెబుతాను. కాలిఫోర్నియాలోని తూర్పు శాన్ హోసేలో, రీడ్-హిల్‌వ్యూ విమానాశ్రయానికి అర మైలు లోపు ఒక ఇల్లు మీకు నచ్చింది. చుట్టుపక్కల ధరలతో పోలిస్తే చవక. ఇంట్లో నాలుగేళ్ల పాప ఉంది, మీ భార్య గర్భవతి. ఇల్లు చూపించిన ఏజెంటు “ఇది కౌంటీ సొంత విమానాశ్రయం, 2031లో మూసేసి ఇళ్లు కడతారు, అప్పుడు మీ ఇంటి విలువ ఎక్కడికో వెళుతుంది” అన్నారు. ఆ మాట నమ్మవచ్చా, చిన్న విమానాల పెట్రోలులోని సీసం పిల్లలకు ప్రమాదమా, రోజంతా ఆ శబ్దం భరించగలమా అని మీ సందేహం.

ముందు జవాబు చెప్పి, తర్వాత కారణాలు చెబుతాను.

మూసేస్తారన్న ఆశతో ఆ ఇల్లు కొనకండి. మరో ముప్ఫై ఏళ్లు విమానాలు ఇలాగే మీ ఇంటి మీదుగా ఎగురుతాయనుకోండి. అప్పటికీ ఆ ఇల్లు మీకు కావాలనిపిస్తేనే ముందుకు వెళ్లండి. సీసం బెడద 2022 నుంచి బాగా తగ్గింది కానీ పూర్తిగా పోలేదు. చిన్న బిడ్డ, పుట్టబోయే బిడ్డ ఉన్న ఇల్లు కాబట్టి, వేరే దారి ఉంటే నేనైతే అర మైలు లోపు కొనను. రెండు మైళ్ల అవతల ఎవర్‌గ్రీన్‌లో అయితే నిశ్చింతగా కొంటాను. నేను ఉంటున్నది అక్కడే.

నా సంగతి కూడా మీకు తెలియాలి. పద్దెనిమిదేళ్లుగా ఈ రన్‌వేల నుంచి ఎగురుతున్నాను, పన్నెండేళ్లుగా విమానం నడపడం నేర్పుతున్నాను. ఈ విమానాశ్రయం ఉండాలని గట్టిగా కోరుకునేవాడిని. మా అమ్మాయి పెరిగింది కూడా ఇక్కడే. అందుకే రెండు వైపుల భయాలూ నాకు తెలుసు.

ఏజెంటు మాటలో “కౌంటీ సొంతం” అన్న భాగం నిజమే (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది). 1930ల చివర్లో రీడ్ కుటుంబం పండ్ల తోటల మధ్య మొదలుపెట్టిన ఈ విమానాశ్రయాన్ని శాంటా క్లారా కౌంటీ 1961లో కొన్నది. సుమారు 180 ఎకరాలు, పక్కపక్కనే రెండు రన్‌వేలు, ఒక్కొక్కటి దాదాపు 3,100 అడుగులు. ఇంత చిన్న రన్‌వే మీద పెద్ద జెట్లు దిగలేవు. ఇక్కడ కనిపించేవి ఎక్కువగా సెస్నా 172 లాంటి ఒంటి ఇంజిను విమానాలు. వాటిలో చాలా భాగం శిక్షణవే. శాన్ హోసే స్టేట్ యూనివర్సిటీ విమానయాన విద్యార్థులు కూడా ఇక్కడికే వస్తారు. బేగంపేట చుట్టుపక్కల పెరిగినవారికి అకాడమీ విమానాలు తలపై తిరిగిన రోజులు గుర్తుంటాయి. అలాంటి శిక్షణ ఇక్కడ వారమంతా, దానికి ఎన్నో రెట్లు ఎక్కువగా జరుగుతుంది.

అమెరికాలో ప్రజలు వాడుకునే విమానాశ్రయాలు దాదాపు అయిదు వేలు ఉంటే, టికెట్టు కొని ఎక్కే విమానాలు దిగేవి అందులో అయిదు వందలే. మిగిలినవి ఇలాంటి చిన్నవి, చాలావాటికి యజమాని ఏదో ఒక కౌంటీయో పట్టణమో. యజమాని అన్నంత మాత్రాన ఇష్టం వచ్చినట్టు చేయడానికి వీల్లేదు. భూమి కౌంటీది, ఆకాశం కేంద్రానిది. భూమి మీద కూడా కేంద్రం చేతిలో ఒక పత్రం ఉంటుంది. మీ ప్రశ్నకు కీలకం ఆ పత్రమే.

కేంద్ర విమానయాన సంస్థ ఎఫ్‌ఏఏ చిన్న విమానాశ్రయాలకు రన్‌వే మరమ్మతులకు, దీపాలకు, కంచెలకు గ్రాంట్లు ఇస్తుంది. సాధారణంగా ఖర్చులో తొంభై శాతం వాళ్లదే. ఆ డబ్బు విమాన టికెట్ల మీద, ఇంధనం మీద వేసే పన్నుల నుంచి వస్తుంది. మీరు హైదరాబాదు వెళ్లే టికెట్టులో కూడా ఆ వాటా ఉంటుంది. డబ్బు తీసుకున్న యజమాని కొన్ని హామీల మీద సంతకం పెట్టాలి: విమానాశ్రయాన్ని నడుపుతూనే ఉంటాను, వచ్చే పైలట్లందరినీ సమానంగా చూస్తాను, ఇక్కడి ఆదాయాన్ని ఇక్కడే ఖర్చు పెడతాను అని. నిర్మాణ పనుల గ్రాంట్ల విషయంలో ఈ కట్టుబాటు చాలావరకు ఇరవై ఏళ్లు ఉంటుంది. కేంద్రం డబ్బుతో భూమి కొన్నట్టయితే మాత్రం దానికి గడువే ఉండదు. ఆదాయాన్ని బయటికి మళ్లించకూడదన్న షరతుకు కూడా గడువు లేదు.

2031 అన్న సంవత్సరం పుట్టింది ఈ ఇరవై ఏళ్ల లెక్కలోంచే. ఇక్కడి కౌంటీ చివరి గ్రాంటు తీసుకున్నది 2011లో. తర్వాత 2018లో కౌంటీ సూపర్వైజర్ల బోర్డు (కౌంటీని నడిపే ఎన్నికైన సభ్యుల మండలి) ఇకపై ఎఫ్‌ఏఏ డబ్బు ముట్టుకోకూడదని నిర్ణయించింది. మూసివేతకు దారి చూడమని 2020లో తీర్మానించింది. కాబట్టి కౌంటీ ఉద్దేశం ఏమిటో దాచినది కాదు. ఇక్కడివరకు ఏజెంటు చెప్పింది గాలి కబురు కాదని ఒప్పుకుంటాను.

కానీ 2031 అన్నది కౌంటీ చేతులు కొంత వదులయ్యే సంవత్సరం. ఆ ఏడాది తలుపులు మూస్తామని ఎవరూ రాసివ్వలేదు. కట్టుబాట్ల గడువు ముగిశాక కూడా వ్యాజ్యాలు నడుస్తాయి, పర్యావరణ సమీక్షలు జరుగుతాయి, బోర్డులో మనుషులు మారుతారు. శాంటా మోనికా కథ చూడండి. అది నగరానికి చెందిన విమానాశ్రయం. దాన్ని మూసేయాలని నగరం దశాబ్దాల పాటు పోరాడింది. చివరికి 2017లో ఎఫ్‌ఏఏతో కుదిరిన ఒప్పందం ప్రకారం రన్‌వేను 3,500 అడుగులకు కుదించారు. మూసే అనుమతి మాత్రం 2028 చివరి దాకా లేదు. ఒప్పందం కుదిరాక కూడా దాదాపు పన్నెండేళ్లు ఆగాలన్నమాట. షికాగోలో ఇంకో రకంగా జరిగింది. 2003 మార్చి 30 రాత్రి మేయరు బుల్‌డోజర్లు పంపి మెగ్స్ ఫీల్డ్ అనే చిన్న విమానాశ్రయం రన్‌వేను పెద్ద పెద్ద X గుర్తులు పడేలా తవ్వించేశారు. ఎఫ్‌ఏఏ 33,000 డాలర్ల జరిమానా వేసింది. మళ్లించిన గ్రాంటు సొమ్ము పది లక్షల డాలర్లు నగరం తిరిగి కట్టింది. ఆ తర్వాత నియమాలు బిగిశాయి. ఏ కౌంటీ అయినా ఇప్పుడు అలా చేయగలదని నేను అనుకోను.

మాకు తెలిసిన కుటుంబం ఒకటి ఇలాగే “పదేళ్లలో పోతుంది” అన్న మాట మీద ఓకలా అవెన్యూ వైపు ఇల్లు కొన్నది. వాళ్లు కొని ఇప్పటికి పద్నాలుగేళ్లు. ఇల్లు బాగుంది, పిల్లలు పెద్దవాళ్లయ్యారు. కానీ ఆ పద్నాలుగేళ్లూ ప్రతి బోర్డు సమావేశం వార్త కోసం ఎదురుచూస్తూ బతికారు. ఆయన నాతో అన్నమాట: “శబ్దానికి అలవాటు పడ్డాను, ఎదురుచూపుకు పడలేకపోయాను.” ఇల్లు చూసిన రోజునే ఆయన నన్ను అడిగి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది.

ఇక సీసం. దీని గురించి మా పైలట్లలో కొందరు తేలికగా మాట్లాడతారు. అది తప్పు. కార్ల పెట్రోలులో సీసాన్ని అమెరికా 1996 నాటికి పూర్తిగా నిషేధించింది. పిస్టన్ ఇంజిను విమానాలకు మాత్రం 100ఎల్‌ఎల్ అనే సీసం కలిపిన పెట్రోలే కొనసాగింది. పేరులో “తక్కువ సీసం” అని ఉన్నా, గ్యాలనుకు 2.12 గ్రాముల దాకా ఉండవచ్చు. సెస్నా 172 గంటకు ఎనిమిది గ్యాలన్లు తాగుతుందనుకుంటే, ఒక గంట పాఠానికి దాదాపు 17 గ్రాముల సీసం గాలిలోకి వెళుతుంది. నేను ఎన్ని వేల గంటలు నేర్పానో లెక్క వేసుకున్న రోజున నాకు రాత్రి నిద్ర పట్టలేదు. పెద్ద జెట్లు వాడేది కిరోసిన్ జాతి ఇంధనం, అందులో సీసం ఉండదు. అందుకే శాన్ హోసే అంతర్జాతీయ విమానాశ్రయం పక్కన లేని ప్రశ్న ఇక్కడ ఉంది.

2021 ఆగస్టులో కౌంటీ చేయించిన అధ్యయనం బయటికి వచ్చింది. పదేళ్ల కాలంలో పిల్లలకు చేసిన రక్త పరీక్షలను ఇంటి దూరం, గాలి దిశ, విమానాల రాకపోకలతో కలిపి చూశారు. అర మైలు లోపు పిల్లల్లో సీసం ఎక్కువగా కనిపించింది. విమానాశ్రయం మీదుగా గాలి వీచే వైపున్న ఇళ్లలో ఇంకా ఎక్కువ. దూరం పెరిగేకొద్దీ తగ్గింది. ఆ వెంటనే బోర్డు సీసం కలిపిన పెట్రోలు అమ్మకాన్ని ఆపాలని నిర్ణయించింది. 2022 జనవరి 1 నుంచి రీడ్-హిల్‌వ్యూలో 100ఎల్‌ఎల్ అమ్మడం లేదు. కౌంటీకే చెందిన శాన్ మార్టిన్ విమానాశ్రయంలోనూ అంతే. 2023 అక్టోబరులో కేంద్ర పర్యావరణ సంస్థ కూడా విమానాల సీసం ప్రజారోగ్యానికి ప్రమాదకరమని అధికారికంగా తేల్చింది.

అమ్మకం ఆగడం వేరు, సీసం ఆగడం వేరు. దానికి బదులుగా వచ్చిన 94 ఆక్టేన్ సీసరహిత పెట్రోలు మా శిక్షణ విమానాలకు సరిపోయింది, నేను నడిపేవి దానితోనే నడుస్తున్నాయి. ఆక్టేన్ అంటే ఇంజిన్లో ఒత్తిడిని పెట్రోలు ఎంత తట్టుకుంటుందో చెప్పే కొలత; ఎక్కువ ఒత్తిడితో పనిచేసే ఇంజిన్లకు 94 చాలదు. ఆ యజమానులు పక్క ఊళ్లలో 100ఎల్‌ఎల్ నింపుకుని వచ్చేవారు. జీ100యూఎల్ అనే 100 ఆక్టేన్ సీసరహిత పెట్రోలుకు ఎఫ్‌ఏఏ 2022లో అనుమతి ఇచ్చింది, 2024 చివర్లో అది ఇక్కడ అమ్మకానికి వచ్చింది. దానివల్ల విమానం రంగు దెబ్బతింటోందని కొందరు ఫిర్యాదు చేశారు, కొందరు సంతోషంగా వాడారు. బయటి నుంచి వచ్చే విమానం ట్యాంకులో ఏముందో అడగడానికి కౌంటీకి వీల్లేదు. కాలిఫోర్నియా చట్టం ప్రకారం 2031 నుంచి రాష్ట్రమంతటా సీసం కలిపిన విమాన పెట్రోలు అమ్మకం ఆగిపోతుంది. నిజానికి మీ పాప కోసం మీరు ఎదురుచూడవలసిన 2031 ఇదే.

“అయితే మిగతా విమానాశ్రయాలు కూడా వెంటనే ఎందుకు ఆపలేదు” అని మీకు అనిపించవచ్చు. 2024 నాటి కేంద్ర చట్టం ఒకటి అడ్డుగా ఉంది. 2022లో ఎక్కడైతే 100ఎల్‌ఎల్ దొరికిందో అక్కడ 2030 చివరి వరకు, లేదా సరైన ప్రత్యామ్నాయం వచ్చే వరకు, అమ్ముతూనే ఉండాలి. శాంటా క్లారా కౌంటీ అప్పటికే ఆపేసింది కాబట్టి ఆ నియమం దానికి తగల్లేదు. తొందరపడ్డారని ఆ రోజుల్లో నేను కూడా బోర్డును విమర్శించాను. ఇప్పుడు ఆలోచిస్తే, ఆ తొందర వల్లే ఇక్కడి పిల్లలకు ఏళ్ల తరబడి మేలు జరిగింది.

ఇంకో మాట. గాలిలో సీసం ఈ రోజు ఆగినా, మట్టిలో పడినది అక్కడే ఉంటుంది. ఆ ప్రాంతంలో పాత ఇళ్లు చాలా ఉన్నాయి. 1978కి ముందు కట్టిన ఇంట్లో సీసం కలిపిన పెయింటు ఉండే అవకాశం ఎక్కువ. రాలిన పెయింటు నలకలు, పెరటి మట్టి, పాకే పిల్లల చేతులు కలిస్తే విమానం కంటే అదే పెద్ద ప్రమాదం కావచ్చు. అందుకని ఆ ఇంటి మీద ఇంకా మనసు ఉంటే, కొనే ఒప్పందం పక్కా కాకముందే పెరటి మట్టిని, కిటికీ చట్రాల పెయింటును పరీక్ష చేయించండి. పాపకు రక్త పరీక్ష ఇప్పుడే ఒకటి చేయిస్తే, తర్వాత పోల్చుకోవడానికి ఆధారం ఉంటుంది. డెసీలీటరుకు 3.5 మైక్రోగ్రాములు దాటితే డాక్టర్లు వెంటపడి చూస్తారు. అయితే పిల్లలకు ఇంతవరకు ఫరవాలేదు అన్న హద్దు సీసానికి లేదు. మీ భార్య కూడా తన డాక్టరును అడగాలి. ఒంట్లోని సీసం కడుపులోని బిడ్డకు చేరుతుంది. మా అమ్మాయికి చిన్నప్పుడు రెండుసార్లు చేయించాం, రెండుసార్లూ తక్కువే వచ్చింది. అయినా ఆ ఫలితం కోసం ఎదురుచూసిన వారం నాకు బాగా గుర్తుంది.

శబ్దం సంగతి ఇల్లు చూసిన రోజును బట్టి చెప్పలేం. ఇక్కడ గాలి చాలా రోజులు వాయవ్యం నుంచి వీస్తుంది. విమానాలు గాలికి ఎదురుగా దిగి ఎదురుగా లేస్తాయి. కాబట్టి మామూలు రోజుల్లో టల్లీ రోడ్డు, ఈస్ట్‌రిడ్జ్ మాల్ వైపు నుంచి దిగుతాయి, ఓకలా అవెన్యూ వైపు లేస్తాయి. దిగే విమానం ఇంజిను నెమ్మదిగా ఉంటుంది, లేచేది గట్టిగా అరుస్తుంది. చలికాలపు వాన ముందు గాలి ఆగ్నేయానికి తిరిగినప్పుడు అంతా తారుమారవుతుంది. డిసెంబరు ముసురులో ఇల్లు చూసి “అబ్బ, ఎంత ప్రశాంతం” అనుకుని కొన్న దంపతులు నాకు తెలుసు. వాన రోజున విద్యార్థులు ఎగరరు. ఏప్రిల్‌లో మొదటి ఎండ శనివారం వాళ్లకు అసలు సంగతి తెలిసింది.

శిక్షణలో మేం చేసేది ఎక్కువగా చక్కర్లే. దిగిన చక్రం నేలను తాకగానే మళ్లీ ఇంజిను పెంచి లేస్తాం, నేల నుంచి సుమారు వెయ్యి అడుగుల ఎత్తున చుట్టు తిరిగి మళ్లీ దిగుతాం. ఒక్కో చుట్టుకు ఆరు నిమిషాలు. ఒక విద్యార్థి గంటలో మీ ఇంటి మీదుగా ఎనిమిది, పది సార్లు వెళతాడు. అలాంటి విద్యార్థులు ఒకేసారి నలుగురైదుగురు ఉంటారు. రెండు రన్‌వేలు ఉండడంతో ఒక చుట్టు నైరుతి వైపు, ఇంకొకటి కొండల వైపు తిరుగుతుంది.

అందుకే ఇలా చేయండి. ఎండగా ఉన్న శనివారం ఉదయం తొమ్మిది నుంచి పదకొండు దాకా ఆ ఇంటి ముందు ఉండండి. మరో రోజు పనిదినం సాయంత్రం అయిదు తర్వాత వెళ్లండి. ఫోను చూసుకోకుండా, కిటికీ తెరిచి, మీ భార్యతో మామూలుగా మాట్లాడండి. ఎన్నిసార్లు మాట ఆపవలసి వచ్చిందో లెక్కపెట్టండి. ఏ యాప్‌లో చూసినా దొరకని సంగతి అప్పుడు తెలుస్తుంది.

కొన్నాక ఫిర్యాదు చేస్తే ఆగుతుందని కూడా అనుకోవద్దు. ఎగిరే విమానం దారి, ఎత్తు కౌంటీ అధికారం కింద లేవు. రాత్రి పూట నిషేధం పెట్టడం కూడా 1990 నాటి కేంద్ర చట్టం తర్వాత దాదాపు అసాధ్యమైంది. విమానాశ్రయం కార్యాలయం మీ ఫోను మర్యాదగానే తీసుకుంటుంది, శిక్షకులకు కబురు పెడుతుంది, మేం వీలైనంత పాటిస్తాం. బడి మీదుగా తక్కువ ఎత్తున వెళ్లవద్దని నా విద్యార్థులకు మొదటి పాఠంలోనే చెబుతాను. అంతకు మించి మా చేతిలో ఉన్నది తక్కువ.

కాగితాల్లో చూడవలసినవి రెండు. కాలిఫోర్నియాలో విమానాశ్రయ ప్రభావ ప్రాంతంలోని ఇల్లు అమ్మేటప్పుడు ఆ విషయం కొనేవారికి రాతపూర్వకంగా తెలియజేయాలి. ఆ పేజీ సాధారణంగా ప్రకృతి ప్రమాదాల వివరాల కట్టలో మధ్యలో ఎక్కడో ఉంటుంది, వెతికి చదవండి. రెండోది, యాజమాన్య పత్రాల్లో ఆ స్థలం మీదుగా విమానాలు ఎగిరే హక్కును పాత యజమాని ఎప్పుడైనా రాసిచ్చారేమో చూడండి. రాసిచ్చి ఉంటే అది ఇంటితో పాటే మీకూ వస్తుంది. పైన అదనపు గది కట్టాలనుకుంటే ఎత్తు పరిమితి కూడా ఉండవచ్చు, కౌంటీ ప్రణాళికా విభాగంలో అడగండి.

మూసేస్తే మీ విలువ పెరుగుతుందా అన్నదానికీ ఒక మాట. 180 ఎకరాల్లో ఏం కడతారన్నది ఇంకా తేలలేదు. కట్టినా పదేళ్లు దుమ్ము, లారీలు. తర్వాత ఎంత రద్దీ వస్తుందో కూడా చూసుకోవాలి. ఇళ్లు లేక ఈ లోయలో కుటుంబాలు ఎంత అవస్థ పడుతున్నాయో నాకు తెలుసు, ఆ వాదనను తీసిపారేయను. కానీ 1989 భూకంపంలో కొండచరియలు పడి 17వ నంబరు రహదారి మూతపడినప్పుడు, ఈ ప్రాంతపు చిన్న విమానాలే కొండల అవతలి వాట్సన్‌విల్ ఊరికి తిండి, మందులు చేరవేశాయి. మళ్లీ భూకంపం రాకపోదు. తవ్వేసిన రన్‌వేను మళ్లీ వేయడం ఈ ధరల్లో ఎవరి వల్లా కాదు.

ఇంటి నంబరు ఇక్కడ రాయవద్దు. దగ్గరి కూడలి పేరు, రన్‌వేకు ఏ వైపున ఉందో చెబితే చాలు. ఏ చుట్టు దారి దాని మీదుగా వెళుతుందో, సాధారణ గాలిలో అది ఎటు పడుతుందో నేను చూసి చెబుతాను.